చెకుముకి రాతి పలకను పెచ్చులు కొట్టడానికి సిద్ధం చేయడం ఎలా?

మా గ్యారేజీ మూలన ఒక ప్లాస్టిక్ బకెట్ ఉంటుంది. దాని నిండా విరిగిన రాతి పలకలే. కొత్తలో విరిగిన ప్రతి ముక్కా నాకు చెయ్యి తిరగకపోవడం వల్లే విరిగిందనుకునేవాణ్ణి. ఒక శనివారం ఆ బకెట్ నేల మీద బోర్లించి, ఏది ఎందుకు పోయిందో ఒక్కొక్కటే చూశాను. సగానికి పైగా మొదటి దెబ్బ పడకముందే పాడైనవి. ఒకదాంట్లో మొదటినుంచీ నెర్రె ఉంది. ఇంకోటి కొలిమిలో పేలింది. నాలుగైదింటికి అంచు కట్టకుండానే తొందరపడి కొట్టేశాను. అప్పటినుంచి కొట్టడం మీద పెట్టిన శ్రద్ధకు రెట్టింపు పలక సిద్ధం చేయడం మీద పెడుతున్నాను. బకెట్ నిండటం తగ్గింది.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చెకుముకి రాయి, దాని చుట్టమైన చెర్ట్, అగేట్, అగ్నిపర్వతపు గాజైన అబ్సిడియన్ లాంటి రాళ్లను కొడితే గాజు పగిలినట్టు నున్నగా, గవ్వ లోపలి వంపుతో పెచ్చులు ఊడతాయి. ఆ పెచ్చుల్ని ఒక వరుసలో ఊడగొట్టుకుంటూ పోయి బాణపు మొనలు, కత్తులు చేయడాన్ని ఇక్కడ అమెరికాలో నాపింగ్ అంటారు. నేనుండేది టెక్సస్‌లో, ఆస్టిన్‌కి ఉత్తరాన. ఇళ్ల కోసం పునాదులు తవ్వినచోటల్లా సున్నపురాతి మధ్యలోంచి బూడిద రంగు చెర్ట్ గడ్డలు బయటపడుతుంటాయి. జార్జ్‌టౌన్ ఫ్లింట్ అని దానికి పేరు. ఇదే రాయితో 13 వేల ఏళ్ల కిందట, క్లోవిస్ అని పిలిచే తొలినాళ్ల అమెరికా మనుషులు పనిముట్లు చేసుకున్న గాల్ట్ అనే చోటు మా ఇంటికి కారులో గంట లోపే.

పాతకాలం వాళ్లు గడ్డను పగలగొట్టి, అందులోంచి వచ్చిన పెద్ద పెచ్చుతో పని మొదలుపెట్టేవారు. ఇప్పుడు వజ్రపు పొడి పట్టించిన రంపంతో రాయిని రొట్టె ముక్కల్లా కోసి పలకలు తీస్తున్నారు. రాయి వృథా కాదు, మందం ఒకేలా వస్తుంది. అయితే రంపం ఇచ్చేది ఒకటైతే పట్టుకుపోయేవి రెండు. మందం సమంగా ఇస్తుంది. పెచ్చుకు పుట్టుకతో ఉండే పదునైన అంచునీ, ముఖానికి ఉండే చిన్న పొట్టనీ పట్టుకుపోతుంది. అంచు లేకపోతే దెబ్బ ఎక్కడ వేయాలో తెలియదు, పొట్ట లేకపోతే పెచ్చు ముందుకు సాగదు. పలక సిద్ధం చేయడమంటే ముఖ్యంగా ఆ రెండింటినీ తిరిగి పెట్టడమే.

దుమ్ము సంగతి ముందు

ఈ రాళ్లన్నీ సిలికా. కోసినా, అరగదీసినా, కొట్టినా కంటికి ఆనని దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. ఇంగ్లండులో బ్రాండన్ అనే ఊళ్లో తుపాకుల కోసం చెకుముకి ముక్కలు కొట్టినవాళ్లలో చాలామంది దీనితోనే పోయారు. మన దేశంలో గుజరాత్ ఖంభాత్‌లో అగేట్ పూసలు సానపట్టే కార్మికుల ఇళ్లలో ఈ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, సిలికోసిస్, ఈ తరంలోనూ ఉంది. అది వచ్చాక నయం చేసే మందు లేదు.

అందుకని కోత, సాన ఎప్పుడూ నీళ్ల మీదే. పొడిగా గ్రైండర్ పెట్టారంటే నేను చెప్పేది ఇక్కడితో చదవడం ఆపేయడం మంచిది. కొట్టడం ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా కూర్చుని. ఎన్95 మాస్కు కనీసం, పీ100 రెస్పిరేటర్ అయితే ఇంకా మేలు. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. తడిసిన రాతి బురదను అలాగే ఎండనివ్వకండి, ఎండితే అది మళ్లీ దుమ్మే. తడిగా ఉండగానే ఎత్తి సంచిలో కట్టి పారేయండి. సింకులో పోస్తే పైపులో సిమెంటులా గట్టిపడుతుంది.

కళ్లద్దాలు, తొడ మీదికి మందపాటి తోలు ముక్క, ఎడమ చేతికి తోలు తొడుగు తప్పవు. మన ఇళ్లకు సంబంధించి ఇంకో మాట. మనం చెప్పులు గుమ్మం బయట వదిలి వట్టి కాళ్లతో తిరిగే మనుషులం. రాతి పెచ్చు బ్లేడుకన్నా పదును, చెప్పు అడుగున గుచ్చుకుని మీతోపాటు వంటింటి గుమ్మం దాకా వస్తుంది. ఈ పనికి ఒక జత చెప్పులు విడిగా పెట్టుకుని, అవి గ్యారేజీ దాటకుండా చూసుకోండి. నేను చూసుకోలేదు. పసివాడు పాకే ఇంట్లో మా ఆవిడ అరికాల్లోంచి పెచ్చు తీయాల్సి వచ్చిన రాత్రి నుంచి చూసుకుంటున్నాను.

రాయి మంచిదో కాదో

పలక అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి బేతంచెర్ల నాపరాయి, కడప బండ, తాండూరు బండ. అవేవీ దీనికి పనికిరావు. పొరలు పొరలుగా విడిపోయే సున్నపురాళ్లవి. దెబ్బ వేస్తే మీరనుకున్న వైపు కాక పొర ఎటుంటే అటు చీలుతుంది. మనకు కావలసింది ఏ వైపూ మొగ్గు లేని, గింజ కనబడనంత సన్నని రాయి. తెలుగు నేల మీద అలాంటిది లేకపోలేదు. కృష్ణా, గోదావరి గులకల్లో అగేట్, జాస్పర్ దొరుకుతాయి. బజార్లో కొనాలంటే ఖంభాత్ నుంచి వచ్చే అగేట్ పలకలున్నాయి. ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్లకు జార్జ్‌టౌన్, మిస్సోరీ బర్లింగ్టన్ చెర్ట్, అర్కన్సా నోవాక్యులైట్, ఓరెగన్ అబ్సిడియన్ కోసిన పలకలుగానే అమ్ముతారు.

పలక చేతికి రాగానే మూడు పరీక్షలు.

రెండు వేళ్ల మధ్య ఒక మూల పట్టుకుని వేలాడదీసి, చిన్న గులకరాయితో మెల్లగా తట్టండి. కుండలు కొనేటప్పుడు మన అమ్మలు చేసే పనే ఇది. ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే లోపల బీట ఉన్నట్టు. తర్వాత పలకను నీళ్లలో ముంచి తీసి, గాలికి ఆరనివ్వండి. ముఖమంతా ఆరాక కూడా ఎక్కడైనా సన్నటి తడి గీత మిగిలిందంటే అదే నెర్రె. అందులో చేరిన నీరు చివరికి గానీ ఆరదు. ఆ గీత మీద అప్పుడే పెన్సిల్ పెట్టండి, పూర్తిగా ఆరాక మీకు అది కనబడదు. మూడోది, పలక వెనక టార్చి పెట్టి చూడండి. అగేట్, పలచని అబ్సిడియన్‌లలో లోపలి మచ్చలు, స్ఫటికాలు చేరిన గుంటలు తెలిసిపోతాయి. స్ఫటికం గుంట మీదుగా పెచ్చు దాటదు, అక్కడే ఆగిపోతుంది.

గడ్డ పైతొక్క సుద్దలా తెల్లగా ఉంటే దాన్ని పలకలో ఉంచకండి. మెత్తటి తొక్క దెబ్బ బలాన్ని మింగేస్తుంది.

కోసేటప్పుడు

సొంత రంపం లేకపోతే కొనకండి. అమెరికాలో చాలా ఊళ్లలో రాళ్ల క్లబ్బులుంటాయి, సభ్యత్వం కడితే వాళ్ల పెద్ద రంపం వాడుకోనిస్తారు. ఇండియాలో ఉన్నవాళ్లకు టైల్స్ కోసే నీళ్ల రంపం ఉంది గానీ, దాని బ్లేడు చిన్నది కాబట్టి చిన్న గడ్డలకే పనికొస్తుంది.

మందం దగ్గర కొత్తవాళ్లు తప్పు చేస్తారు. చివరికి మొన 6 మిల్లీమీటర్లుండాలంటే పలక 6 మిల్లీమీటర్లు కోయిస్తారు. రెండు ముఖాల నుంచీ పెచ్చులు ఊడాలి కదా, ఆ మందం ఎక్కడినుంచి వస్తుంది? మొదట్లో 9 లేదా 10 మిల్లీమీటర్లు ఉంచుకోండి. చెయ్యి కుదిరాక 7 దాకా దిగొచ్చు. అంతకన్నా మందమైతే ఇంకో ఇబ్బంది. వెడల్పు తక్కువగా ఉన్న మందపాటి పలకను పలచబరిచేలోపు వెడల్పు కరిగిపోయి, చివరికి చేతిలో పెన్సిల్ ముక్క మిగులుతుంది.

గడ్డ రంపం బిగింపులో కదిలితే బ్లేడు పక్కకు పోయి, పలక ఒక చివర మందంగా, ఇంకో చివర పలచగా వస్తుంది. అలాంటిది వచ్చినా పారేయక్కర్లేదు. పలచని చివరను మొనగా, మందమైనదాన్ని పిడి వైపుగా గీసుకోండి. కోత చివర విరిగి నిలబడే చిన్న ముక్కును మాత్రం ముందే అరగదీయాలి.

పెద్ద రంపాల్లో చల్లదనానికి మినరల్ ఆయిల్ పోస్తారు. ఆ నూనె రాతి రంధ్రాల్లోకి దిగుతుంది. పలకను గిన్నెలు తోమే సబ్బుతో గోరువెచ్చని నీళ్లలో కడిగి, ఆ తర్వాత రంపపు పొట్టులోనో, పిల్లులకు వాడే బంకమట్టి గుళికల్లోనో రెండు మూడు రోజులు పూడ్చి ఉంచండి. నూనె పీల్చేస్తాయి. నూనె వదలని పలకను కొలిమిలో పెడితే ముందు పొగ, తర్వాత మంట.

పలక మీద గీత

మెత్తటి పెన్సిల్‌తోనో, అల్యూమినియం తీగతోనో బొమ్మ గీయండి. నెర్రెలు, మచ్చలు బొమ్మ బయట పడేలా తిప్పుకోవాలి. తప్పనిసరై ఒక మచ్చ లోపల ఉండాల్సి వస్తే మొన దగ్గరా, పిడి గాడి దగ్గరా మాత్రం ఉండనీయకండి. విరిగేవి ఆ రెండు చోట్లే. మొనలన్నీ ఒకే దిక్కుగా గీయకుండా ఒకటి తలకిందులుగా, ఒకటి నిలువుగా గీస్తే ఒక పలకలో రెండు మూడు ముక్కలు ఎక్కువ వస్తాయి. జాకెట్టు గుడ్డలో దర్జీ కత్తిరింపు వేసే తీరు ఇదే. చుట్టూ 4 మిల్లీమీటర్లు అదనంగా ఉంచి కోయించండి. అంచు కట్టడంలో అది పోతుంది. మూలలు మరీ కోసుగా ఉంటే కొలిమిలో ముందు పగిలేది ఆ మూలే, కొంచెం గుండ్రం చేయండి.

కాల్చడం

కాల్చడం అన్ని రాళ్లకూ అవసరం లేదు. అబ్సిడియన్‌ను కాల్చకండి, అది పుట్టడమే గాజు. జార్జ్‌టౌన్ ఫ్లింట్ మంచి ముక్కైతే పచ్చిగానే బాగుంటుంది. కానీ గరుకు చెర్ట్‌లు, నోవాక్యులైట్, చాలా రకాల అగేట్ పచ్చిగా ఉన్నప్పుడు మొండికేస్తాయి. వాటిని నిదానంగా వేడి చేసి చల్లారిస్తే అదే రాయి వెన్నలా మాట వింటుంది. పెచ్చు ఊడటానికి కావలసిన బలం తగ్గుతుంది, పెచ్చు దూరం సాగుతుంది. ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. దక్షిణాఫ్రికాలో పినాకిల్ పాయింట్ దగ్గర 72 వేల ఏళ్ల కిందటే రాయిని నిప్పులో కాల్చి పనిముట్లు చేశారని 2009లో తేల్చారు. ఈ కాలంలో దీన్ని మళ్లీ చేసి చూసి 1964లో రాసిపెట్టినవాడు ఐడహోకు చెందిన డాన్ క్రాబ్‌ట్రీ. సింధు లోయ నాటి కెంపురంగు పూసలూ కాల్చినవే. ఖంభాత్‌లో ఇప్పటికీ అగేట్‌ను ముందు నెలల తరబడి ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాతే కుండల్లో కప్పి కాలుస్తారు.

వాళ్లు నెలల తరబడి ఎండబెడతారన్న మాట గమనించండి. రాతిలో నీరుంటుంది. వేడి తొందరగా ఎక్కితే ఆ నీరు ఆవిరై బయటికి దారిలేక పలక ముఖం మీదినుంచి మూకుడు ఆకారంలో గుండ్రని బిళ్లను పేల్చుకుని వస్తుంది. కొలిమిలోంచి టప్‌మని చప్పుడు వినబడితే అదే. అందుకే కాల్చడంలో మొదటి మెట్టు ఆరబెట్టడం.

నా పద్ధతి ఇది. కుండలు కాల్చే చిన్న ఎలక్ట్రిక్ కొలిమి ఉంటే మంచిది. లేకపోతే ఇక్కడ పండక్కి టర్కీ కోడి వండే రోస్టర్ చాలు, కాకపోతే అది ఫారన్‌హీట్‌లో 450 దాకా, అంటే దాదాపు 230 డిగ్రీల సెల్సియస్ దాకానే వెళ్తుంది. ఒకసారి రాళ్లకు వాడిన రోస్టర్‌లో మళ్లీ వంట చేయొద్దు. అడుగున రెండు అంగుళాల పొడి ఇసుక పోసి, పలకల్ని అందులో నిలువుగా గుచ్చి, ఒకదానికొకటి తగలకుండా చుట్టూ ఇసుక నింపండి. ఇసుక ముందే పెనం మీద వేయించి ఆరబెట్టినదై ఉండాలి. తడి ఇసుక పోస్తే రాయిని ఆవిరి మీద ఉడకబెట్టినట్టే.

మొదట 95 డిగ్రీల దగ్గర, నీరు మరగకుండా, 24 గంటలు ఉంచండి. ఆరిందో లేదో తెలుసుకోవాలంటే కొలిమి రంధ్రం దగ్గర చల్లటి అద్దం ముక్క పెట్టి చూడండి. మసకబారితే ఇంకా నీరుంది, ఇంకో అర్ధరోజు ఆగండి. అద్దం నిర్మలంగా ఉంటే అక్కడినుంచి గంటకు 25 డిగ్రీల చొప్పున మాత్రమే పెంచుకుంటూ అనుకున్న వేడికి వెళ్లి, అక్కడ నాలుగైదు గంటలు నిలపండి. తర్వాత స్విచ్ ఆపి వదిలేయండి. మూత తీయొద్దు. ఇసుక చేత్తో పట్టుకునేంత చల్లబడ్డాకే తీయాలి. శుక్రవారం రాత్రి పెట్టింది నేను సోమవారం పొద్దున తీస్తాను. ఆదివారం సాయంత్రం మూత ఎత్తి ఒక్కసారి తొంగి చూద్దామన్న ఆశ పుడుతుంది. బకెట్లో ఉన్న ముక్కల్లో నాలుగు ఆ ఆశకు బలైనవే. చల్లగాలి తగలగానే ముఖమంతా సాలెగూడు లాంటి నెర్రెలు.

ఎంత వేడి అనేది రాయిని బట్టి. జార్జ్‌టౌన్ గరుకు ముక్కలకు 175 నుంచి 205, అగేట్‌కు 200 దగ్గర మొదలు, బర్లింగ్టన్‌కు 260 నుంచి 300. నోవాక్యులైట్ 370 దాటాక గానీ దారికి రాదు, కాబట్టి రోస్టర్‌తో దాని జోలికి పోకండి. పలచని పలకకు, గడ్డకు చెప్పే వేడి కన్నా కొంచెం తక్కువే సరిపోతుంది. ఏ రాయైనా మొదటిసారి చెప్పినదానికన్నా 20 డిగ్రీలు తక్కువతో చేయండి. చాలకపోతే ఇంకోసారి కాల్చొచ్చు. ఎక్కువైతే వెనక్కి తెచ్చే దారి లేదు, రాయి సుద్దముక్కలా పెళుసై నొక్కితే రాలిపోతుంది. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ లోపలి కట్టుబడే మారిపోతుంది, ఆ దరిదాపులకు పోయే పనే లేదు. కొలిమి మీది డయల్‌ను నమ్మకండి. పలక పక్కనే తీగ థర్మామీటర్ పెట్టి చూస్తే డయల్‌కీ దానికీ 30 డిగ్రీల తేడా ఉండటం నేను చూశాను.

కాలిందో లేదో పలక ముఖం చూస్తే తెలియదు. రంపం కోసిన ముఖం ముందు ఎంత మసగ్గా ఉందో అంతే మసగ్గా ఉంటుంది. రంగు మాత్రం ఇనుము ఉన్న రాళ్లలో పసుపు నుంచి ఎరుపుకు తిరుగుతుంది, మన ఇటుక బట్టీలో ఇటుక ఎర్రబడే తీరునే. అసలు గుర్తు మెరుపు. కాల్చకముందు ఒక చిన్న పెచ్చు తీసి దాచుకోండి. కాల్చాక ఒక మూల నుంచి ఇంకో పెచ్చు తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టండి. కొత్త పెచ్చు లోపలి ముఖం మైనం పూసినట్టు నిగనిగలాడితే పని అయింది.

పొట్ట తెప్పించడం

ఇప్పుడు రంపం పట్టుకుపోయినవి తిరిగి పెట్టాలి. ముందు రంపపు గీతలు. వేలితో తడిమితే తెలిసేంత లోతుగా ఉంటే వాటిని నీళ్ల కింద 80 గ్రిట్ గరుకున్న వజ్రపు పలక మీద రుద్ది చదును చేయండి. పెచ్చు ఆ గాడి దగ్గరికి రాగానే తటాలున ఆగి, ముఖం మీద మెట్టు పడుతుంది. ఒకసారి మెట్టు పడితే తర్వాత వచ్చే ప్రతి పెచ్చూ దానికే వచ్చి గుద్దుకుంటుంది. అద్దంలా మెరుగు పెట్టాల్సిన పనిలేదు.

చదునైన ముఖం మీద పెచ్చు వెడల్పుగా విసనకర్రలా విచ్చుకుని దగ్గర్లోనే ఆగిపోతుంది. ముఖానికి కొంచెం పొట్ట ఉంటే, నడుమ ఎత్తుగా అంచుల వైపు వాలుగా ఉంటే, పెచ్చు ఆ వాలును పట్టుకుని నడుమదాకా పోతుంది. దీనికి రెండు దారులు. ఒకటి, చుట్టూ పొట్టి పెచ్చులు ఊడగొట్టుకుంటూ రెండు మూడు చుట్లలో ఆ ఆకారం తేవడం. రెండోది, సాన మీదే రెండు ముఖాలూ అరగదీసి పప్పుబద్ద ఆకారానికి తెచ్చుకోవడం. నడుమ 7 మిల్లీమీటర్లుంటే అంచు దగ్గర 3. సాన పట్టి తర్వాత, కొట్టకుండా రాగి మొనతో నొక్కి వరుస పెచ్చులు తీసిన మొన చూడటానికి చాలా అందంగా ఉంటుంది, ఒక్కో పెచ్చు గీత దువ్వెన పళ్లలా సమంగా పడుతుంది.

సాన పట్టడం మోసమని పెదవి విరిచేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. ఈజిప్టులో క్రీ.పూ. 3500 – 3200 మధ్య అలలు తీర్చినట్టుండే చెకుముకి కత్తులు చేసినవాళ్లు ముందు రాయిని సానపట్టి, ఆ తర్వాతే పెచ్చులు తీశారు. అలాంటిదే ఒకటి, గెబెల్ ఎల్ అరక్ కత్తి, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. వాళ్లను మోసగాళ్లనే ధైర్యం నాకు లేదు.

అంచు కట్టడం

అన్నిటికన్నా ఇక్కడ ఆగి చదవండి. కోసిన పలక అంచు పెట్టె మూలలా 90 డిగ్రీలుంటుంది. ఆ గోడ మీద ఎంత గట్టిగా కొట్టినా పెచ్చు ఊడదు, అంచు నలుగుతుంది, లేదా పలక నడుమకు విరుగుతుంది. దెబ్బ దిగే చోటుకూ పెచ్చు ఊడే ముఖానికీ మధ్య కోణం 90కి తక్కువగా, 60, 70 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ దెబ్బ దిగే చోటును ప్లాట్‌ఫాం అంటారు.

ముందు పలక అంచు చుట్టూ, మందానికి సరిగ్గా మధ్యలో, మార్కర్ పెన్నుతో ఒక గీత లాగండి. ఈ గీతే మీకు దారి చూపిస్తుంది. సూత్రం ఒక్కటే. ఏ ముఖం నుంచి పెచ్చు తీయాలో, ప్లాట్‌ఫాం ఆ మధ్యగీతకు ఆ ముఖం వైపున ఉండాలి. గీత మీద ఉంటే పెచ్చు పొట్టిగా వస్తుంది, గీతకు అవతల ఉంటే పలక విరుగుతుంది.

తేలిక దారి సాన. పలకను బల్ల మీద పెట్టినట్టు ఊహించుకోండి. పై ముఖం వైపు అంచును నీళ్ల కింద వాలుగా అరగదీయండి. ఆ వాలు దిగుతూ మధ్యగీత దాటి, కింది ముఖానికి ఒక మిల్లీమీటరు ఎత్తులో ఆగాలి. అంటే అంచు ఇప్పుడు కిందికి జరిగింది, కోసు కత్తిలా మాత్రం కాలేదు. ఇప్పుడు పనిముట్టు ఆ వాలు మీద ఆనించి నొక్కితే పెచ్చు కింది ముఖం నుంచి ఊడుతుంది. అలా ఒక వైపంతా అయ్యాక పలక తిప్పితే, ఊడిన పెచ్చుల గుంటలే ఎదుటి ముఖానికి వాలు అవుతాయి. అంచు దానంతటదే మధ్యకు వస్తుంది.

సాన లేకపోతే ఒక చిన్న రాగి సుత్తితో ఒకటి ఇటు ఒకటి అటు కొట్టే పద్ధతి. పలక మూల దగ్గర, కోణం ఎక్కడ కాస్త తక్కువగా ఉందో అక్కడ మొదలుపెట్టి, అంచు గోడ మీద దెబ్బ వేసి ఒక ముఖం నుంచి పెచ్చు తీయండి. వెంటనే పలక తిప్పి, ఆ పెచ్చు వదిలిన గుంటను ప్లాట్‌ఫాంగా పెట్టుకుని, దాని పక్కనే రెండో ముఖం నుంచి ఇంకోటి. మళ్లీ తిప్పి దాని పక్కన. ఇలా చుట్టూ వెళ్తే చదరపు గోడ పోయి, పాము నడిచినట్టు అటూ ఇటూ మెలికలు తిరిగిన అంచు మిగులుతుంది. ఈ చుట్టులో పెచ్చులు పొడుగ్గా రావాలని చూడకండి. గోడ పోవడమే పని. చిన్న ముక్కలైతే సుత్తి అక్కర్లేదు, చంకలో ఇరికించుకుని ఒత్తే రాగి మొన కర్రతో మూల మూలనా నొక్కినా చాలు. ఆ కర్రను ఇషీ కర్ర అంటారు, 1911లో కాలిఫోర్నియా కొండల్లోంచి ఒంటరిగా బయటికి వచ్చిన యాహీ మనిషి ఇషీ పేరు మీద. ఇక్కడ చాలామంది దుప్పి కొమ్ము మొన కూడా వాడతారు. ఇండియాలో ఉన్నవాళ్లు మాత్రం రాగికే పరిమితం కండి, కొమ్ము దగ్గర పెట్టుకుంటే వన్యప్రాణి చట్టం కింద కేసు.

అంచు తయారయ్యాక అది పదునుగా ఉంటుంది. పదునుగా ఉందని సంతోషించి కొట్టారో, నలిగి పొడైపోతుంది. పదును చంపాలి. విరిగిన గ్రైండింగ్ చక్రం ముక్కతోనో, గరుకు ఇసుకరాయితోనో అంచు పొడుగునా గట్టిగా రుద్దండి. బొటనవేలితో తడిమితే రూపాయి బిళ్ల అంచులా మొద్దుగా, గరుకుగా తగలాలి. కొత్తవాళ్లు ఎప్పుడూ తక్కువే రుద్దుతారు. చాలనుకున్నాక ఇంకో పదిసార్లు రుద్దమని నాకు నేర్పిన పెద్దాయన అనేవాడు, ఇప్పుడు నేనూ అదే అంటున్నాను. ప్రతి వరుస తర్వాతా ఇది మళ్లీ చేయాలి.

మొదటి పెచ్చు

మూల దగ్గర మొదలుపెట్టండి. పెచ్చుకు ఎప్పుడూ ఒక గట్టు కావాలి, గట్టు వెంట నీరు పారినట్టు అది సాగుతుంది. చదును ముఖం నడుమ గట్టే ఉండదు, మూల దగ్గర మాత్రం ఉంటుంది. అక్కడ ఒకటి ఊడితే దాని పక్క గట్టు రెండోదానికి దారి. మొదటి పెచ్చు తీసి ముఖం చూడండి. మెట్టు పడితే ఆగి అంచు మళ్లీ కట్టండి, అదే చోట రెండోసారి కొట్టకండి. అంచు పొడిపొడిగా రాలితే రుద్దడం చాలలేదు. పలక ముఖం మీద రంపం కోసిన మచ్చలు ఒకటి రెండు చుట్ల తర్వాత కూడా మిగిలే ఉంటాయి, వాటిని వెంటాడి మందం పోగొట్టుకోవద్దు.

రాలిన పెచ్చులన్నీ గుడ్డ మీదే పడేలా చూసుకుని చెత్త డబ్బాలో వేయండి. వాగు ఒడ్డునో పొలంలోనో వదిలితే రేపు పురావస్తువాళ్లకు తంటా. ఈ మాట నంద్యాల జిల్లా జ్వాలాపురం వైపు వాళ్లకు మరీ వర్తిస్తుంది, అక్కడ 74 వేల ఏళ్ల నాటి తోబా అగ్నిపర్వతపు బూడిద పొర కిందా పైనా కూడా మనుషులు కొట్టిన రాళ్లున్నాయి. అలాంటి చోట దొరికిన ముక్కను పలక చేసుకుందామని తెచ్చుకోవద్దు. ఇక్కడైతే అమరిల్లో దగ్గర అలిబేట్స్ అనే పాతకాలపు చెకుముకి గనుల్లో గులకరాయి ఎత్తినా నేరమే. మీరు చేసిన మొన పూర్తయ్యాక పిడి దగ్గర వజ్రపు మొన పెన్నుతో మీ పొడి అక్షరాలు, సంవత్సరం గీయండి. కాల్చిన రాయైతే పక్కన ఎంత వేడికి కాల్చారో కూడా రాసుకుంటే, ఆ గడ్డలోంచే వచ్చిన తర్వాతి పలకకు పనికొస్తుంది.